బాకీదారు ఇల్లు మారితే అడ్రసు ఎలా తెలుసుకోవాలి: తిరుపతి, చిత్తూరు వాళ్లకు ఏ దారి నయం

ముప్పై వేలో లక్షో చేబదులు ఇచ్చి ఉంటారు, లేకపోతే ఇల్లు ఖాళీ చేశాక ఓనరు అడ్వాన్సు ఇవ్వకుండా తిప్పుకుంటూ ఉంటాడు, లేకపోతే పెళ్లి వంటలకని అడ్వాన్సు తీసుకున్న మనిషి ఫోన్ ఎత్తడం మానేసి ఉంటాడు. చేతిలో ప్రోనోటో ఫోన్‌పే రసీదులో ఉన్నాయి కదా అని లాయరు దగ్గరికి వెళ్తే ఆయన ముందుగా అడిగేది ‘ఆయన ఇప్పుడు యాడుండాడు?’ అని. చాలామంది అక్కడే ఆగిపోతున్నారు. కేసులో బలం లేక కాదు, నోటీసు ఎక్కడికి పంపాలో తెలియక. తిరుపతిలో ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. బయటి ఊళ్ల నుంచి వచ్చి అద్దెకు ఉండేవాళ్లు చాలామంది, కొర్లగుంటలో ఉన్న మనిషి కొన్నాళ్లకు అవిలాల పోతాడు, అక్కడి నుంచి రేణిగుంట, ఆ తర్వాత చెన్నై.

అడ్రసు తెలుసుకునే దారులు చాలానే ఉన్నాయి. కొన్ని ఉచితం, కొన్నిటికి డబ్బవుతుంది, కొన్ని అసలు చట్టం ఒప్పుకోనివి. మీకు ఏది సరిపోతుందన్నది రెండు విషయాల మీద ఉంటుంది: అవతలి మనిషి వ్యాపారస్థుడా, ఉద్యోగా, రోజు పనికి పోయేవాడా అన్నది ఒకటి, మీరు ఏ కోర్టు మెట్లెక్కబోతున్నారన్నది రెండోది. నేను గట్టిగా చెప్పేది ఒకటే, త్వరగా దొరికే అడ్రసు కోసం పరిగెత్తకండి, కోర్టులో నిలబడే అడ్రసు కోసం వెతకండి. అంటే అతను అక్కడ ఉంటాడనో, అక్కడ పని చేస్తాడనో ఏదో ఒక కాగితంతో చూపించగలిగే అడ్రసు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 7 రూల్ 1 ప్రతివాది పేరు, వివరాలు, ఉండే చోటు తెలుసుకోగలిగినంత మేరకు రాయమంటుంది. అంటే మీరు నిజంగా ప్రయత్నం చేశారని చూపించగలగాలి, అందుకే వెతికిన ప్రతి చోటా ఒక స్క్రీన్‌షాటో రసీదో దాచిపెట్టుకోండి.

ముందు ఇంట్లో ఉన్న కాగితాలు తీయండి

బయట వెతకడానికి ముందు మీ దగ్గర ఉన్నవే ఒకసారి పరుచుకుని చూడండి. ప్రోనోటు ఉంటే అందులో బాకీదారు పేరు, తండ్రి పేరు, ఊరు రాసి ఉంటాయి. తండ్రి పేరు చాలా ముఖ్యం, ఓటరు జాబితాలో గానీ భూమి రికార్డుల్లో గానీ మనిషిని ఖాయంగా గుర్తుపట్టేది దానితోనే. ప్రోనోటు మీద సాక్షి సంతకాలు పెట్టినవాళ్లు, రాసిన మనిషి ఎవరో చూడండి. సాక్షులు ఎక్కువగా బాకీదారు వైపు వాళ్లో, ఇద్దరికీ తెలిసినవాళ్లో అయి ఉంటారు, వాళ్లలో ఒకరికైనా అతని సొంత ఊరు తెలిసే ఉంటుంది. వడ్డీ కట్టినప్పుడు వెనకవైపు చెల్లు రాయించి ఉంటే ఆ తేదీ కూడా చూసుకోండి. మామూలుగా డబ్బు దావాకు 3 సంవత్సరాల గడువు, ఆ గడువు లోపలే కొంత కట్టి తన చేతితో చెల్లు రాసి సంతకం పెట్టి ఉంటే, ఆ కట్టిన తేదీ నుంచి మళ్లీ 3 సంవత్సరాలు లెక్క. వెతకడానికి మీకు ఎంత సమయం ఉందో ఆ తేదీయే చెప్తుంది.

అద్దె ఒప్పందం ఉంటే దానికి జతచేసిన ఆధార్ జిరాక్స్ చూడండి, చెక్కు ఉంటే బ్యాంకు శాఖ పేరు చూడండి, వాట్సాప్‌లో ఎప్పుడైనా లొకేషన్ పంపాడా, పెళ్లి పత్రికో గృహప్రవేశం పిలుపో ఇచ్చాడా, మీకు ఏదైనా కొరియర్ పంపాడా అని వెతకండి. పాత పెళ్లి పత్రిక మీద తల్లిదండ్రుల ఊరు, వీధి, మండలం అన్నీ అచ్చు వేసి ఉంటాయి, ఇంతకంటే మంచి ఆధారం చాలా సందర్భాల్లో దొరకదు.

అవతల ఉన్నది వ్యాపారం అయితే

ఇది అన్నిటికన్నా తేలిక, అందుకే త్వరగా చెప్పేస్తాను. కంపెనీ గానీ ఎల్ఎల్‌పీ (భాగస్వాముల బాధ్యత పరిమితంగా ఉండే సంస్థ) గానీ అయితే కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో మాస్టర్ డేటా చూడండి, పేరు కొడితే రిజిస్టర్డ్ ఆఫీసు అడ్రసు ఉచితంగా కనిపిస్తుంది. కంపెనీల చట్టం ప్రకారం ఆ చోట ఉత్తరాలు అందుకునే ఏర్పాటు ఉండి తీరాలి, కాబట్టి అక్కడికి పంపిన నోటీసు విషయంలో ‘మాకు తెలీదు’ అని తప్పించుకోవడం కష్టం. నా దృష్టిలో అన్ని అడ్రసుల్లోకీ బలమైనది ఇదే.

కంపెనీ కాకుండా సొంత పేరుతో నడిచే షాపో ట్రావెల్సో అయితే జీఎస్టీ పోర్టల్ మేలు. బిల్లు మీద 15 అక్షరాల జీఎస్టీ నంబరు ఉంటుంది, ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్టరైతే అది 37తో మొదలవుతుంది. ఆ నంబరు కొడితే యజమాని చట్టబద్ధమైన పేరు, షాపు పేరు, ముఖ్య వ్యాపార స్థలం, రిజిస్ట్రేషన్ ఇంకా ఉందా రద్దయిందా అన్నీ వస్తాయి. బిల్లు పోయినా పర్వాలేదు, జీఎస్టీ నంబరు షాపు బోర్డు మీద రాయాలన్నది నియమం, తిలక్ రోడ్డులోనో గాంధీ రోడ్డులోనో షాపు ఇంకా ఉంటే బోర్డు ఫొటో తీసుకోండి. దీంతో ఇంకో లాభం ఏమిటంటే, మనం ఇన్నాళ్లూ షాపు పేరుతో పిలిచిన మనిషి అసలు పేరు తెలుస్తుంది, దావా వేయాల్సింది ఆ పేరు మీదే. అయితే సేవలు చేసేవాళ్లకు ఏడాది టర్నోవరు 20 లక్షలు దాటితేనే జీఎస్టీ తప్పనిసరి, కాబట్టి కార్పెంటర్లు, చిన్న క్యాటరింగ్ వాళ్లు, షామియానా వాళ్లు చాలామంది అందులో ఉండరు. తినుబండారాల వ్యాపారమైతే ఆహార లైసెన్సు నంబరు పట్టుకోండి, భాగస్వామ్య సంస్థ అయితే రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్ దగ్గర ఫీజు కట్టి వివరాలు చూడొచ్చు.

మామూలు మనిషి అయితే: సొంత ఊరా, అద్దె ఇల్లా, పని చేసే చోటా

అసలు కష్టం ఇక్కడ. చాలామంది బాకీదారు ప్రస్తుతం ఉంటున్న అద్దె ఇంటి కోసమే వెతుకుతారు, అది దొరికేలోపు అతను ఇంకో ఇంటికి మారిపోతాడు. నన్నడిగితే మొదటి స్థానం పని చేసే చోటుకు, రెండోది సొంత ఊరికి, అద్దె ఇల్లు చివరిది.

పని చేసే చోటు ఎందుకంటే, అతను బాధ్యతగా వెళ్లే చోటు అదే, పైగా రేపు డిక్రీ (డబ్బు కట్టాలని కోర్టు ఇచ్చే తీర్పు) వచ్చాక డబ్బు రాబట్టుకోవడానికి పనికొచ్చేదీ అదే. ప్రభుత్వ ఉద్యోగి అయితే ఆఫీసు పెద్ద ద్వారా సమన్లు ఇప్పించే పద్ధతి ఆర్డర్ 5 రూల్ 27లో ఉంది. డిక్రీ తర్వాత జీతం అటాచ్, అంటే జప్తు, చేయించొచ్చు, జీతంలో మొదటి 1,000 రూపాయలు, మిగిలిన దాంట్లో మూడింట రెండు వంతులు వదిలేసి తక్కినదాని మీద కోర్టు చేయి వేయగలదు. ప్రైవేటు ఉద్యోగి అయినా ఈ అటాచ్‌మెంట్ కుదురుతుంది. కానీ ఆఫీసుకు ఫోన్ చేసి ‘మీ దగ్గర పని చేసే ఫలానా ఆయన నాకు బాకీ’ అని అందరికీ చెప్పడం మాత్రం వద్దు. అది పరువు నష్టం గొడవగా మీ మీదికే తిరగొచ్చు. ఫలానా ఆయన అక్కడ పని చేస్తున్నారా లేదా అన్నది మాత్రం మర్యాదగా అడిగి తెలుసుకోండి, చాలు.

సొంత ఊరు తెలుసుకోవడానికి ఓటరు జాబితా కంటే మంచిది నాకు కనిపించలేదు. అది ప్రజలందరూ చూడగలిగే రికార్డు, ఉచితం, ప్రభుత్వ పత్రం కాబట్టి కోర్టులో చూపించడానికీ బాగుంటుంది. ఎన్నికల కమిషన్ ఓటరు పోర్టల్‌లో పేరు, తండ్రి పేరు, వయసు, జిల్లా ఇచ్చి వెతికితే పోలింగ్ కేంద్రం, భాగం నంబరు, వరుస నంబరు వస్తాయి. ఇంటి నంబరు అక్కడ రాదు, దానికి రాష్ట్ర ముఖ్య ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో ఆ భాగం జాబితా పీడీఎఫ్ దించుకుని, వరుస నంబరు దగ్గర చూడాలి. ఆ పీడీఎఫ్‌లు బొమ్మల్లాగా ఉంటాయి కాబట్టి పేరు కొట్టి వెతకడం కుదరదు, కళ్లతో చదవాల్సిందే, కాస్త ఓపిక కావాలి.

ఇక్కడ మన ఊరి వాళ్లు తడబడే చోటు ఒకటుంది. తిరుచానూరు, అవిలాల, తుమ్మలగుంట వైపు ఉండేవాళ్లు రోజూ తిరుపతిలోనే తిరుగుతారు గానీ వాళ్ల ఓటు చంద్రగిరి నియోజకవర్గంలో ఉంటుంది. తిరుపతి నియోజకవర్గంలో వెతికి ‘పేరు లేదు’ అనుకుని ఆగిపోకండి, చంద్రగిరిలో కూడా చూడండి. చిత్తూరు టౌన్ మనిషి అయితే చిత్తూరుతో పాటు గంగాధర నెల్లూరు, పూతలపట్టు కూడా చూడాలి, చుట్టుపక్కల పల్లెలు ఈ మూడింటి మధ్యా పంచుకుని ఉంటాయి. ఇంకొకటి, తిరుపతిలో పని చేసుకునే పల్లె మనుషుల్లో చాలామంది ఓటు మార్చుకోరు, ఎన్నికలప్పుడు బస్సెక్కి సొంతూరికే పోతారు. కాబట్టి జాబితాలో పలమనేరు దగ్గర పల్లె కనబడితే నిరాశపడొద్దు, నిజానికి అదే మీకు కావాల్సింది, ఎందుకంటే తల్లిదండ్రులు ఉండే ఆ ఇల్లు మారదు. సమన్లు ఇవ్వడానికి పోయినప్పుడు అతను ఇంట్లో లేకపోతే, అతనితో కలిసి ఆ ఇంట్లో ఉండే పెద్దవాళ్లకు ఇవ్వొచ్చని ఆర్డర్ 5 రూల్ 15 చెప్తుంది. అయితే అతను ఆ ఇంటికి వచ్చిపోతున్నాడని, అదే తన ఇల్లని చూపించాలి, ఊరు వదిలి పదేళ్లయి మళ్లీ తొంగి చూడని మనిషి విషయంలో ఈ మాట నిలబడదు.

భూమి ఉన్న కుటుంబమైతే రాష్ట్ర ప్రభుత్వ భూమి రికార్డుల వెబ్‌సైట్ మీభూమి కూడా చూడొచ్చు, జిల్లా, మండలం, గ్రామం తెలిస్తే పట్టాదారు పేరుతో 1బి (ఎవరి పేరున ఏ భూమి ఉందో చెప్పే రికార్డు) వెతకొచ్చు. ఇంటి నంబరు రాదు కానీ ఫలానా తండ్రి కొడుకు ఫలానా గ్రామంలో పట్టాదారు అని ఖాయమవుతుంది, పైగా డిక్రీ తర్వాత అటాచ్ చేయించడానికి ఆస్తి ఉందని ముందే తెలుస్తుంది.

ఇక ఇంటి ఓనరు మీద మీ కేసు అయితే, అంటే అడ్వాన్సు ఎగ్గొట్టిన సందర్భంలో, మీరు ఉన్న ఇంటి డోర్ నంబరే మీకు తాళం చెవి. మున్సిపల్ ఇంటి పన్ను పేజీలో డోర్ నంబరుతో వెతికితే పన్ను ఎవరి పేరున ఉందో కనిపిస్తుంది. ఒక్కోసారి అడ్వాన్సు తీసుకున్నది భర్త, ఇల్లు ఉండేది భార్య పేరున, లేదా చనిపోయిన తండ్రి పేరున. ఎవరి మీద కేసు వేయాలో లాయరుతో మాట్లాడేటప్పుడు ఇది తెలిసి ఉండాలి. ఆ ఇంటికి ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, తీసుకుంటే రిజిస్ట్రేషన్ డాక్యుమెంటు నంబరు వస్తుంది, దాని సర్టిఫైడ్ కాపీలో ఓనరు పూర్తి అడ్రసు రాసి ఉంటుంది. కాకపోతే అది కొన్ననాటి అడ్రసు, ఇప్పటిది కాకపోవచ్చు. అద్దెకు ఉండే మనిషి మీద కేసైతే మాత్రం ఇంటి పన్ను, ఈసీ రెండూ దండగ, అవి ఓనరు సంగతే చెప్తాయి.

మనుషులను అడగడం, మనిషిని పెట్టి వెతికించడం

కాగితాల్లో దొరకనిది మనుషుల దగ్గర దొరుకుతుంది, అందులో సందేహం లేదు. పాత అద్దె ఇంటి ఓనరు, పక్క వాటా వాళ్లు, కిరాణా కొట్టు, ఇస్త్రీ బండి మనిషి, వీళ్లలో ఒకరికి తెలిసే ఉంటుంది. ‘అక్కా, కింద వాటాలో ఉన్న వాళ్లు ఏ పక్క పోయినారు, వాళ్లకొక ఉత్తరం పంపాల’ అని నెమ్మదిగా అడిగితే ‘ఖాళీ చేసి చానా దినాలైంది నాయనా, పిల్లోళ్ల స్కూలని తిరుచానూరు పక్క పోయినారు’ అనేంత వరకైనా చెప్తారు. అప్పు సంగతి చెప్పాల్సిన పని లేదు, చెప్పకూడదు కూడా. అబద్ధం చెప్పి, బ్యాంకు వాళ్లమనో పోలీసులమనో నటించి అడగడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు, అది నేరం అవుతుంది. అడ్రసు తెలిసిన వెంటనే నలుగురిని వెంటబెట్టుకుని ఇంటి మీదికి పోవడం అంతకంటే ప్రమాదం, బాకీ మీకు రావాల్సిందే అయినా బెదిరించారని కేసు మీ మీద పడుతుంది. ఆ ఇంట్లో ఆడవాళ్లు, ముసలివాళ్లు, పిల్లలు ఉంటారు. వాళ్లు మీకు బాకీ లేరు.

ప్రైవేటు డిటెక్టివ్‌లను పెట్టుకోవడం గురించి కూడా అడుగుతారు. పెద్ద మొత్తమైతే ఆలోచించొచ్చు, చిన్న మొత్తానికి లెక్క కుదరదు, వాళ్ల ఫీజు పోను మిగిలేది కొంచెమే. పెట్టుకున్నా ఒక్క షరతు మీద పెట్టుకోండి, తిరిగి, అడిగి, చూసి చెప్పాలి తప్ప కాల్ రికార్డులు, సిమ్ అడ్రసులు కొనుక్కుని రాకూడదు. సిమ్ తీసుకున్నప్పుడు ఇచ్చిన అడ్రసు టెలికాం కంపెనీలు పోలీసులకో కోర్టుకో తప్ప ఎవరికీ ఇవ్వకూడదు, దాన్ని దొంగతనంగా అమ్మేవాళ్లు ఉన్నారు, కొన్నవాళ్లు కూడా ఇరుక్కుంటారు.

అలాగే సచివాలయంలో తెలిసినవాళ్ల చేత ఆధార్‌తోనో రేషన్ కార్డుతోనో వివరాలు తీయించమని అడగకండి. ఆ ఉద్యోగి ఉద్యోగానికే ముప్పు, మీరు కోర్టులో ఆ కాగితం చూపించలేరు, చూపిస్తే ఎలా వచ్చిందని అడుగుతారు. సమాచార హక్కు దరఖాస్తు పెట్టినా వ్యక్తిగత సమాచారం అని సెక్షన్ 8(1)(జె) కింద తిరస్కరిస్తారు. బండి నంబరుతో రవాణా శాఖ యాప్‌లో వెతికితే ఓనరు పేరు సగం చుక్కలతో కనిపిస్తుంది, అడ్రసు రాదు. ట్రూకాలర్‌లో పేరే వస్తుంది. పోలీసు స్టేషన్‌కు పోయి అడ్రసు కనుక్కోమంటే ఇది సివిల్ తగాదా, కోర్టుకు పొమ్మంటారు, మొదటి నుంచీ మోసం చేసే ఉద్దేశంతోనే డబ్బు తీసుకున్నాడని చూపించగలిగితే తప్ప వాళ్లు చెప్పేది సరైనదే.

దొరికిన అడ్రసు నిజమో కాదో పోస్టుతో తేల్చుకోండి

దావా వేయకముందే ఒక నోటీసు పంపండి. లాయరు ద్వారా పంపిస్తే బరువు ఉంటుంది, చిన్న మొత్తమైతే మీరే రాసుకున్నా తప్పులేదు, ఎంత ఇచ్చారో, ఎప్పుడు ఇచ్చారో, ఎన్ని రోజుల్లో కట్టాలో రాసి సంతకం పెట్టండి. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి కౌంటరు దగ్గర స్పీడ్ పోస్టులోనే, అందినట్టు రుజువు కావాలని చెప్పి పంపండి. మూడు అడ్రసులు దొరికితే మూడింటికీ ఒకే రోజు పంపించండి. ఖర్చు తక్కువ, మీకు వచ్చే సమాచారం మాత్రం చాలా ఎక్కువ. రసీదు మీద ఉన్న నంబరుతో ఇండియా పోస్ట్ వెబ్‌సైట్‌లో ట్రాకింగ్ చూసి వెంటనే ప్రింటు తీసి పెట్టుకోండి, కొన్నాళ్లు పోతే ఆ వివరాలు కనిపించవు.

కవరు వెనక్కి వస్తే బాధపడి పక్కన పడేయకండి, దాని మీద పోస్ట్‌మ్యాన్ ఏం రాశాడో చదవండి. ‘రెఫ్యూజ్డ్’ అని ఉంటే మీ పంట పండినట్టే, మనిషి అక్కడే ఉన్నాడు, తీసుకోనన్నాడు, చట్టం దృష్టిలో అది అందినట్టే. ‘అన్‌క్లెయిమ్డ్’ అంటే పోస్టాఫీసు నుంచి సమాచారం ఇచ్చినా వచ్చి తీసుకోలేదని, చెక్కు కేసుల్లో దీన్ని కూడా అందినట్టుగానే చూడాలని సుప్రీంకోర్టు 1999లోనే చెప్పింది. ‘డోర్ లాక్డ్’ అని ఉంటే రెండు రకాలుగానూ ఉండొచ్చు, పొద్దున పనికి పోయి రాత్రి వచ్చే ఇల్లయినా తాళమే ఉంటుంది, ఇంకోసారి పంపి చూడండి, ఆ వీధిలో వాకబు చేయండి. ‘లెఫ్ట్’ అంటే ఖాళీ చేసి పోయాడు, ఆ అడ్రసు మీద దావా వేస్తే సమన్లు కూడా అలాగే తిరిగి వస్తాయి. ‘నో సచ్ పర్సన్’, ‘ఇన్‌సఫిషియంట్ అడ్రస్’ అని వస్తే డోర్ నంబరో, కాలనీ పేరో, పిన్‌కోడో తప్పుంది. తిరుపతిలో పాత డోర్ నంబరు, కొత్త డోర్ నంబరు కలిసిపోయి ఉంటాయి, జీవకోన, ఎమ్మార్‌పల్లి లాంటి చోట్ల సందు గుర్తు రాయకపోతే పోస్ట్‌మ్యాన్‌కైనా కష్టమే, కాబట్టి పక్కన ఉన్న గుడో స్కూలో రాయండి, తండ్రి పేరు తప్పకుండా రాయండి. తిరిగొచ్చిన ఏ కవరునూ చింపకండి, మూసి ఉన్నది మూసినట్టే లాయరు చేతికి ఇవ్వండి, కోర్టులో అదే ఆధారం.

ఎలాంటి అడ్రసు ఉంటే ఏ కోర్టు

మన దగ్గర చిన్న బాకీల కోసమని అందరూ నేరుగా వెళ్లగలిగే ప్రత్యేకమైన కోర్టు కౌంటరేమీ లేదు, ఉన్న దారుల్లోనే ఎంచుకోవాలి. మీ చేతిలో ఉన్న అడ్రసు ఎంత గట్టిదో దాన్ని బట్టి ఎంచుకోమంటాను.

అడ్రసు పక్కాగా ఉంది, మనిషి కూడా పూర్తిగా మొండికేయలేదు, అప్పుడు లోక్ అదాలత్‌లో ప్రీ లిటిగేషన్ దరఖాస్తు, అంటే కేసు వేయకముందే రాజీ కోసం పెట్టేది, అన్నిటికంటే నయం. తిరుపతి కోర్టు ఆవరణలో మండల న్యాయ సేవాధికార కమిటీ, చిత్తూరులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉన్నాయి, మామూలు కాగితం మీద దరఖాస్తు ఇస్తే చాలు, కోర్టు ఫీజు లేదు, వాళ్లే అవతలి వాళ్లకు నోటీసు పంపుతారు. కోర్టు ముద్రతో నోటీసు వస్తే చాలామంది దిగివస్తారు. రాజీ కుదిరి అవార్డు రాస్తే అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు కూడా ఉండదు. లోపం ఒకటే, అతను రాకపోతే బలవంతంగా రప్పించే అధికారం వాళ్లకు లేదు. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు, 15100కు ఫోన్ చేసి అడగండి.

డబ్బు తీసుకుని వస్తువో సేవో ఇవ్వని వ్యాపారి అయితే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. తిరుపతిలోనూ చిత్తూరులోనూ జిల్లా కమిషన్లు ఉన్నాయి. 2019 చట్టం వచ్చాక మీరు ఎక్కడ ఉంటే అక్కడే ఫిర్యాదు చేయొచ్చు, వ్యాపారి బెంగళూరులో ఉన్నా సరే, మీరు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు. గడువు మాత్రం 2 సంవత్సరాలే, ప్రోనోటు గడువుతో కలిపి లెక్కేసుకోకండి. చేబదులు, ప్రోనోటు బాకీలు ఇక్కడ చెల్లవు.

చెక్కు బౌన్స్ అయితే అడ్రసు వేట తీరిగ్గా చేయడానికి లేదు. బ్యాంకు చెక్కు తిప్పి పంపినట్టు తెలిసిన 30 రోజుల లోపల నోటీసు పంపాలి, అది అందాక 15 రోజులు ఆగి, ఆ తర్వాత నెల లోపల కంప్లైంటు వేయాలి. సరైన అడ్రసుకు పోస్టులో పంపితే అందినట్టే భావించాలని సుప్రీంకోర్టు 2007లో సి.సి. అలవి హాజీ కేసులో స్పష్టంగా చెప్పింది, కాబట్టి ఇక్కడ ముఖ్యమైన మాట ‘సరైన అడ్రసు’. తెలిసిన అడ్రసులన్నిటికీ ఆ గడువులోపలే పంపేయండి, వెతుకుతూ గడువు దాటబెట్టుకోకండి. మీ బ్యాంకు ఖాతా ఉన్న శాఖ పరిధిలోని కోర్టులోనే కేసు వేయొచ్చు, అది మనకు పెద్ద ఊరట.

మిగిలినవన్నీ జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో డబ్బు దావాకే వస్తాయి. ప్రోనోటో, రాతపూర్వక ఒప్పందమో ఉంటే ఆర్డర్ 37 కింద సమ్మరీ దావా వేయడం కుదురుతుందేమో లాయరును అడగండి, అందులో సమన్లు అందిన 10 రోజుల్లో ప్రతివాది హాజరు వేయాలి, లేకపోతే డిక్రీ వచ్చేస్తుంది. అడ్రసు సరిగ్గా ఉంటేనే ఆ వేగం, లేకపోతే మామూలు దావాలాగే నడుస్తుంది.

మనిషి ఎంతకీ దొరకకపోతే ఆర్డర్ 5 రూల్ 20 ఉంది. అతను కావాలనే తప్పించుకుంటున్నాడని జడ్జిగారికి నమ్మకం కలిగితే చివరిగా ఉన్న ఇంటికి నోటీసు అతికించమంటారు, లేదా ఆ ప్రాంతంలో నడిచే పత్రికలో ప్రకటన వేయమంటారు. ఇక్కడే మీరు దాచిన స్క్రీన్‌షాట్లు, తిరిగొచ్చిన కవర్లు పనికొస్తాయి. కానీ ప్రకటన ఖర్చు మీదే, బాకీ చిన్నదైతే అందులో మంచి భాగం దానికే పోతుంది. పైగా అలా అతను కోర్టుకు రాకుండానే వచ్చిన ఎక్స్‌పార్టీ డిక్రీని అతను తర్వాత వచ్చి, సమన్లు నాకు సరిగ్గా అందలేదని, తెలిసిన 30 రోజుల్లో రద్దు చేయమని అడగొచ్చు. తప్పుడు అడ్రసు అని తెలిసీ దాని మీద డిక్రీ తెచ్చుకుంటే అది ఎప్పటికైనా పోతుంది, అందుకే ఈ దారి అన్నిటికంటే చివరిది. వాట్సాప్‌లో కూడా సమన్లు పంపడానికి 2020లో కోవిడ్ సమయంలో సుప్రీంకోర్టు వీలు కల్పించింది, మీ కోర్టు ఒప్పుకుంటే మామూలు పద్ధతికి తోడుగా అడగండి, దాని మీదే ఆధారపడకండి.

దావా నడుస్తుండగా సమన్లు తిరిగొస్తే కొత్త అడ్రసుకు మళ్లీ బ్యాటా (సమన్లు పంపే ఖర్చు) కట్టడానికి లాయరు గారు చూసుకుంటారులే అని ఊరుకోకండి. సమన్లు తిరిగొచ్చిన 7 రోజుల్లో కొత్త సమన్లకు అడగకపోతే దావా కొట్టేయొచ్చని ఆర్డర్ 9 రూల్ 5 చెప్తుంది, వాయిదా రోజు మీరే ఫోన్ చేసి ఏమైందో కనుక్కోండి.

చివరగా, వేలూరు, తిరువళ్లూరు, చెన్నై, కోలారు, బెంగళూరు పక్క పోయినవాళ్ల గురించి. మనది సరిహద్దు ప్రాంతం కాబట్టి ఇది తరచూ వస్తుంది, రాష్ట్రం దాటాడు కదా ఇక చేసేదేం లేదని చాలామంది అనుకుంటారు. డబ్బు ఇచ్చింది తిరుపతిలో అయితే సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 20 ప్రకారం దావా తిరుపతిలోనే వేయొచ్చు, అతను ఉండే చోటికి పోవాల్సిన పని లేదు. సమన్లు అక్కడి కోర్టు ద్వారా పంపుతారు, రేపు డిక్రీ వచ్చాక దాన్ని అక్కడి కోర్టుకు బదిలీ చేయించి అమలు చేయించొచ్చు. ఓటరు జాబితా వెతకడం కూడా అదే పద్ధతి, కాకపోతే తమిళనాడు జాబితాల్లో పేరు ముందు ఇంటిపేరు ఉండదు, తండ్రి పేరు మొదటి అక్షరమే ఉంటుంది, కాబట్టి వయసు, తండ్రి పేరు పెట్టి వెతకండి. అక్కడికి పంపే కవరు మీద అడ్రసు ఇంగ్లీషులో రాయండి, తెలుగులో రాసి పంపితే కాట్పాడి దాటాక చదివేవాళ్లు దొరక్కపోవచ్చు. జిల్లా పేరు, పిన్‌కోడు మాత్రం పోస్టాఫీసు వెబ్‌సైట్‌లో ఒకసారి సరిచూసుకున్నాకే కౌంటరుకు వెళ్లండి.